మనసు చదివే చదువు

అమ్మాయి బి.ఏ.లో మనస్తత్వశాస్త్రం తీసుకుంటానంటే ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న, ‘దానితో ఉద్యోగమేం వస్తుంది?’ అని. చుట్టాలు అడిగేది మరొకటి: ‘అయితే నా మనసులో ఏమున్నదో చెప్పు, చూద్దాం!’ రాయపూర్‌లో స్థిరపడిన తెలుగు ఇళ్ళూ ఇందుకు మినహాయింపు కావు. మొదటి ప్రశ్న ఈ చదువును తక్కువ చేస్తుంది. రెండవది దానికి లేని శక్తిని అంటగడుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టిన చదువేమీ కాదు. మన దేశంలో ఈ శాస్త్రానికి తొలి ప్రత్యేక శాఖ 1916లో కలకత్తా విశ్వవిద్యాలయంలో వెలిసింది. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రామకృష్ణారావుగారు 1967లో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల శాఖను నెలకొల్పారు. రాయపూర్‌లో 1964లో ఏర్పడిన పండిత రవిశంకర్ శుక్ల విశ్వవిద్యాలయంలోనూ ఈ శాఖ ఉన్నది.

ఇంతకూ విద్యార్థి అక్కడ నేర్చుకునేదేమిటి? ప్రయోగశాలలో తరచుగా చేయించే ఒక చిన్న పరీక్ష చూడండి. సమానమైన రెండు గీతలుంటాయి. ఒకదాని కొనలకు బాణపు మొనలు, రెండవదానికి తిరగేసిన మొనలు. రెండవదే పొడవుగా కనిపిస్తుంది. కొలబద్ద పెట్టి కొలిచిన తరువాత కూడా కన్ను తన మాట మార్చుకోదు! 1889లో జర్మనీకి చెందిన ముల్లర్-లయర్ ప్రకటించిన బొమ్మ ఇది. తరువాత రివర్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు నీలగిరులలోని తోడాలకు దీనిని చూపగా, వారు ఇంగ్లీషువారికన్న తక్కువగా మోసపోయారు. చూపును సైతం పరిసరాలు తీర్చిదిద్దుతాయన్నమాట. గీతల విషయంలోనే ఇంత పొరబడే మనం, మనుషుల గురించి ఎంత తొందరగా తీర్పులు చెబుతున్నామో ఆలోచించవలసి ఉన్నది.

ఇంట తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, పరీక్షలో ఇంగ్లీషు — ఇలా పెరిగే పిల్లవాడు ప్రశ్న అర్థంకాక మౌనంగా ఉంటే ‘మొద్దు’ అనే ముద్ర పడవచ్చు. ఆ ముద్ర అతని జీవితాన్నే మలుపు తిప్పవచ్చు. ఈ ప్రమాదాన్ని గుర్తించే సి.ఎం. భాటియా, చదువురానివారికి సైతం పనికివచ్చే బుద్ధి పరీక్షలను 1955లో ప్రకటించారు. రంగు దిమ్మెలు పేర్చటం, బొమ్మ ముక్కలను అతకటం వంటి చేతిపనులు వాటిలో ముఖ్యం.

అనువాదం వృత్తిగా గల నాకు ఈ శాస్త్రంలో మరింత ఆసక్తి కలిగించేది మాటల సమస్య. మన ‘బెంగ’నే తీసుకోండి. అందులో దిగులున్నది, ఎడబాటున్నది, ఎదురుచూపున్నది. ఇంగ్లీషు ప్రశ్నావళిలోని ఏ ఒక్క మాటా దానికి సరితూగదు. అందుకే ప్రశ్నలను స్థానిక భాషలోకి మార్చి, మూలం చూడని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి, రెండింటినీ పోల్చే పద్ధతిని బ్రిస్లిన్ 1970లో వివరించాడు. మనిషి బాధను అతని మాటల్లోనే వినాలన్న నియమానికి ఇది శాస్త్రీయ రూపం.

అయితే బి.ఏ. పట్టా చేతికి రాగానే చికిత్స ప్రారంభించవచ్చునా? వీల్లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే, భారత పునరావాస మండలి గుర్తించిన ప్రత్యేక విద్యార్హత అవసరం. 2025లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఈ శాస్త్రాన్ని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులలో బోధించరాదని ఆదేశించింది. దారి దీర్ఘమైనదని తల్లిదండ్రులు ముందే తెలుసుకోవటం మంచిది.

దారి దీర్ఘమైనా అవసరం చిన్నది కాదు. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన సర్వేలో ఛత్తీస్‌గఢ్ కూడా ఉన్నది. వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారని, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందటం లేదని ఆ సర్వే తేల్చింది.

కనుక పెద్దలకు చెప్పవలసిన సమాధానం ఇది: ఉద్యోగం పై చదువులతో, ఓర్పుతో వస్తుంది. ఈలోగా ఆ మూడు నాలుగేళ్ళలో అమ్మాయి ఎదుటివారి గురించి మాట తొందరపడకుండా ఉండటం నేర్చుకుంటుంది. ఇక చుట్టాల ప్రశ్నకు ఆమె చిరునవ్వుతో ఇలా బదులు చెప్పవచ్చు: ‘మీ మనసులో ఏమున్నదో నాకు తెలియదు. మీరు చెబితే వింటాను.’