చేయిమారిన టిక్కెట్టు

అబిడ్సులో జమ్రూద్ మహలు, ప్యాలెసు టాకీసు నడిచిన దినములలో బ్లాకు టిక్కెట్ల వర్తకుడు నగరవాసులకు చిరపరిచితుడు. టిక్కెట్ల కిటికీ మూతపడుటయే తడవుగా గోడచాటునుండి వచ్చి, "పాంచ్ కా దస్, దస్ కా బీస్" అని గొణుగుచు మన ప్రక్కన నిలిచెడివాడు. వాడు చేసినది నేరమే. వానిని మెచ్చుకొనుటకు మేము కలము పట్టలేదు. ఐనను వానికొక ముఖముండెను. అమ్మినది చెల్లని టిక్కెట్టైనచో మరునాడు అదే గోడచాటున వాని కాలరు పట్టుకొను వీలు కొన్నవానికుండెను. అందుచేత వాడు మనయొద్ద రెట్టింపు గుంజెనే గాని వట్టి కాగితమును అమ్ముటకు సామాన్యముగా సాహసింపలేదు. ఆ సినిమాశాలలు మూతపడినవి. వర్తకము మాత్రము మూతపడలేదు. గోడచాటు విడిచి చేతిలోని ఫోనులో జొరబడినది. అచ్చట దానికి ముఖము లేదు.

ఇటీవల అఫ్జలుగంజిలో ఒక టోకు కిరాణా దుకాణమున పద్దులు వ్రాయు యువకుడు మాయొద్దకు వచ్చెను. చెల్లెలి పుట్టినరోజునకు ఆమెను ఒక గానసభకు తీసికొనిపోవలెనని వాని కోరిక. అసలు అమ్మకము నిమిషములలో ముగిసినది. పిమ్మట ఇన్‌స్టాగ్రాములో ఎవడో తనయొద్ద రెండు టిక్కెట్లు కలవనియు, అకస్మాత్తుగా ఊరికి పోవలసి వచ్చినందున కొన్న ధరకే ఇత్తుననియు ప్రకటించెను. మనవాడు ఆధారమడుగగా ఆధారుకార్డు బొమ్మ, బ్యాంకు రశీదు బొమ్మ, పసిబిడ్డను ఎత్తుకొన్న ఛాయాచిత్రము పంపెను. సగము సొమ్ము ముందు, సగము తరువాత అనెను. సగము ముట్టిన పిదప, మరియొకడు పూర్తిసొమ్ముతో సిద్ధముగా నున్నాడు, పది నిమిషములలో తేల్చుమనెను. మొత్తము 8,500 రూపాయలు, అనగా వాని అరనెల జీతము, యు.పి.ఐ. ద్వారా పోయినవి. టిక్కెట్టు వచ్చినది కూడ! క్యూ.ఆర్. కోడు, సీటు వరుస, సభ తేదీ అన్నియు సరిగానే యున్నవి. ద్వారమువద్ద యంత్రము దానిని చదివి ఎర్రదీపము చూపెను. ఆ టిక్కెట్టుపై మనుష్యులు అప్పటికే లోనికి పోయియుండిరి. వాని వెనుక నిలిచిన మరియిద్దరి ఫోనులలోను అదే కోడు ఉన్నదట. అన్నాచెల్లెండ్రు గోడవెలుపల నిలిచి రెండు పాటలు విని ఇంటికి వచ్చిరి.

మాయొద్ద వాడు మొదట అడిగినది సొమ్మునుగూర్చి కాదు. "వకీల్ సాబ్, నేను బ్లాకుల కొన్న గదా. కేసు నా మీదనే అయితదా?" అనెను. పాఠకులు ఈ ప్రశ్నను ఒకింత సేపు మనసున నిలుపుకొందురు గాక. మోసపోయినవాడు సిగ్గుపడుచున్నాడు, మోసగించినవాడు వేరొకనికి అదే బొమ్మ పంపుచున్నాడు. ఈ సిగ్గే ఆ వ్యాపారమునకు పెట్టుబడి.

కాగితపు టిక్కెట్టు ఒక వస్తువు. ఒకనికిచ్చినచో ఇచ్చినవానియొద్ద మిగులదు. తెరమీది టిక్కెట్టు బొమ్మ. ఒకనికిచ్చిన తరువాతను పదిమందికి ఈయవచ్చును, యంత్రమునకు మొదట చూపినవాడే దాని యజమాని. టిక్కెట్టు నిజమైనదే యైనను ఆపద తీరదు. సభ రద్దయినచో సొమ్ము మొదట కొన్నవాని ఖాతాకే తిరిగిపోవును. ద్వారమువద్ద గుర్తింపు కార్డు అడిగినచో పేరు కలియదు. 2023 సెప్టెంబరు 10వ తేదీన చెన్నపట్టణము చెంత జరిగిన ఏ.ఆర్. రహమాను గారి సభలో నేరుగా కొన్న టిక్కెట్టు గలవారే పలువురు లోనికి పోలేక వెనుదిరిగిరి. వారికి నిర్వాహకులు సొమ్ము తిరిగి ఇత్తుమనిరి. చేయిమారిన టిక్కెట్టు గలవాడు అట్టి సమయమున ఎవరిని అడుగవలెను?

ఇది ఒక్క అఫ్జలుగంజి గుమాస్తా కథ కాదు. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే అను ఆంగ్ల గాయకబృందపు ముంబయి సభలకు 2,500 మొదలు 35,000 రూపాయల వరకు ధర పెట్టిన టిక్కెట్లు అమ్ముడైన కొలది సేపటికే ఇతర వెబ్‌సైటులలో లక్షల ధరలకు కనబడెను. అమ్మిన సంస్థ ఆ వెబ్‌సైటులతో తనకు సంబంధము లేదని చెప్పి పోలీసులకు ఫిర్యాదిచ్చినది. అక్టోబరులో ఎన్‌ఫోర్సుమెంటు శాఖవారు ఆ సభలకును, దిల్జిత్ దోసాంజ్ సభలకును సంబంధించిన దొంగ టిక్కెట్ల విషయమున ఢిల్లీ, ముంబయి, జయపురము, చండీగఢము, బెంగుళూరులలో 13 చోట్ల సోదా చేసి ఫోనులు, సిమ్ కార్డులు పట్టుకొనిరి. ఇన్‌స్టాగ్రాము, వాట్సాపు, టెలిగ్రాములే అంగళ్లని వారు ప్రకటించిరి.

ఆ దిల్జిత్ గారే 2024 నవంబరు 15వ తేదీన మన నగరపు విమానాశ్రయ ప్రాంతమున పాడిరి. అప్పుడు మన అధికారులు నిద్రపోవుచుండిరని ఎవరును అనజాలరు. సభకు ముందే నోటీసు పంపిరి. మద్యమును, మత్తుపదార్థములను పొగడు పాటలు పాడరాదనియు, పిల్లలను వేదిక నెక్కింపరాదనియు అందు హెచ్చరించిరి. గాయకుడు పదములు మార్చి పాడెను. పాటలో మద్యపు వాసన పసిగట్టగలిగిన అధికారముయొక్క ముక్కునకు, అప్పటికి మూడు వారములుగా దేశమంతట పత్రికల కెక్కిన టిక్కెట్ల కుళ్లు ఏల తగులలేదో మాకు తెలియదు.

చట్టము లేదాయని అడుగుదురు. ఉన్నది, ముక్కలుముక్కలుగా నున్నది. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత 112వ సెక్షను అనధికారముగ టిక్కెట్లు అమ్ముటను పేరుపెట్టి నేరమన్నది. ఒక సంవత్సరము మొదలు ఏడు సంవత్సరముల వరకు శిక్ష. కాని అమ్మినవాడు ముఠాలోనివాడై యుండవలెను. ముఖమే తెలియనివాని ముఠాను ఠాణాలోని రైటరు ఎట్లు నిరూపించును? నకిలీ టిక్కెట్టమ్మినవానికి 318వ సెక్షను కలదు, సమాచార సాంకేతిక చట్టమున 66-డి కలదు. నిజమైన టిక్కెట్టును పదింతల కమ్ము ఒంటరి వర్తకుని మాత్రము ఇవి తాకవు. అదే రైలు టిక్కెట్టైనచో 1989 నాటి రైల్వేచట్టము 143వ సెక్షను తిన్నగా పట్టుకొనును. ఇంటర్నెట్టు ద్వారా కొన్న టిక్కెట్లకును అది వర్తించునని సుప్రీముకోర్టు 2025 జనవరిలో తీర్పు చెప్పినది. అదే మాసమున గానసభల టిక్కెట్లకు నియమములు కావలెనని వేసిన ప్రజాహిత వ్యాజ్యమును బొంబాయి హైకోర్టు, ఇది శాసనకర్తల పనియని కొట్టివేసినది. కోర్టు తప్పు చెప్పలేదు. శాసనకర్తలే వినవలసియున్నది.

ఇంకొక సంగతి మన వకీళ్లకే సరిగా తెలియదు. 1882 నాటి ఈజుమెంట్ల చట్టము 56వ సెక్షను, వేరు ఉద్దేశము తెలుపబడనంతవరకు, వినోదశాలలో ప్రవేశించు అనుమతిని పొందినవాడు ఇతరులకు బదిలీ చేయవచ్చునన్నది. దొరల ప్రభుత్వము ఇచ్చిన ఈ చిన్న వెసులుబాటును నేటి కంపెనీలు "బదిలీ చేయరాదు" అను చీమతలకాయంత అక్షరములతో తుడిచివేసినవి. తల్లికి జ్వరము వచ్చి సభకు పోలేనివాడు న్యాయముగా తన టిక్కెట్టును అమ్ముకొనుటకు దారి మూసిరి. వాడును దొంగ కూర్చున్న అంగడికే పోవలసివచ్చెను. నిజము చెప్పువాడును అబద్ధము చెప్పువాడును "ఊరికి పోవలసివచ్చినది" అనియే వ్రాసినపుడు కొనువాడు వారిని వేరుపరచుట ఎట్లు? ఈ గందరగోళమున నిర్వాహకుల పాత్ర తక్కువది కాదు.

కొరతయైనను ఎంతవరకు నిజము? 2022 సెప్టెంబరు 22వ తేదీన జింఖానా మైదానమున క్రికెట్టు టిక్కెట్ల కొరకు జనము త్రొక్కిసలాడి గాయపడిరి. క్రీడామంత్రి క్రికెట్టు సంఘమువారిని సంజాయిషీ అడిగెను. ఎన్ని టిక్కెట్లు అమ్మకమునకు పెట్టిరి, ఎన్ని లోపలనే పంచుకొనిరి అనునదే నాడు ఊరంతట వినబడిన ప్రశ్న. 2025లో ఉచిత పాసుల విషయమై హైదరాబాదు జట్టు యాజమాన్యమునకును ఆ సంఘమునకును కలిగిన తగవు బజారున పడినపుడు గాని, పాసుల లెక్క వేలలో నుండునని సామాన్యునకు తెలియలేదు. గానసభల లెక్క ఎవరు చెప్పుచున్నారు?

కొనువాడు ఇష్టపడి కొనుచుండ మీకేమి బాధయని కొందరు అర్థశాస్త్రము చదివినవారు మమ్ముల నడిగిరి. పాట లేకున్నను ప్రాణము నిలుచును, ఇది బియ్యము కాదనిరి. ఒప్పుకొంటిమి. కాని బేగంబజారు వర్తకుడు సరుకు తెచ్చును, నిలువచేయును, ఎలుకలకు కొంత వదలుకొనును, అందుకు లాభము తీసికొనును. ఈ మధ్యవర్తి పాడడు, కుర్చీ వేయడు, దీపము పెట్టడు. యంత్రములచేత ఒక్క నిమిషమున వందల టిక్కెట్లు లాగి, తాను కల్పించిన కరవును తానే అమ్ముచున్నాడు. అట్లు లాగు యంత్రములను అమెరికా 2016లోనే నిషేధించినది. ఐర్లండు 2021లో ముద్రితధరకు మించి తిరుగ అమ్ముటను నేరముగా చేసినది. బ్రిటను ప్రభుత్వము 2025 నవంబరులో అట్టి చట్టమునే తెత్తుమని ప్రకటించినది. నాంపల్లి స్టేషనునుండి శాసనసభా భవనము నడకదూరము. అచ్చట కూర్చుండువారు ముద్రితధరకు మించిన అమ్మకమును నిషేధింపవలెను. అమ్మిన సంస్థయే టిక్కెట్టును అదే ధరకు వాపసు తీసికొని వరుసలోని తరువాతివానికి క్రొత్త కోడుతో ఈయవలెను. అమ్మకమునకు ముందే సీట్లెన్ని, పాసులెన్ని అని నిర్వాహకులు ప్రకటింపవలెను. ఈ మూడింటికిని ఖజానానుండి పెద్ద వ్యయము కాదు.

చట్టము వచ్చువరకు మోసము జరిగిన గంటలోపల 1930 సంఖ్యకు ఫోను చేయుట ముఖ్యము. సొమ్ము ఇంకను ఖాతాలో నున్నచో నిలుపుదల చేయింపవచ్చును. మన యువకుడు సిగ్గుచేత మరునాటి మధ్యాహ్నము వరకు ఎవరికిని చెప్పలేదు. అప్పటికి సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోయెను. వాని ఫిర్యాదు మేమే వ్రాసి యిచ్చితిమి. ఇట్లు నష్టపడినవారు చెల్లింపు రశీదు, సంభాషణల నకళ్లు, అమ్మినవాని ఖాతా పేరు తీసికొని ఆదివారము ఉదయము మా పేట పఠనమందిరమునకు రావచ్చును. ఫిర్యాదులు ఉచితముగా వ్రాసి యీయబడును. ఏల కొంటివని ఎవరినిని అడుగబోము.