దూడ వాటా

కిందటి వేసవిలో ఒక పెళ్ళికి అనంతపురం వెళ్ళాను. పందిట్లో కుర్చీ దొరికి కూర్చున్నానో లేదో, పక్కనున్న పెద్దమనిషి అడగనే అడిగారు.

"ఏమప్పా, అమెరికాలో ఏం వుద్యోగం?"

ఇంజనీరన్నా, డాక్టరన్నా ఒక్క మాటతో తేలిపోయేది. నా వుద్యోగానికి ఇంగ్లీషులో బారెడు పేరుంది: రేంజిలాండ్ మేనేజిమెంట్ స్పెషలిస్టు. దానికి సరైన తెలుగు మాట కోసం ఇరవై అయిదేళ్ళుగా వెతుకుతూనే వున్నాను. నేను నీళ్ళు నములుతూ వుంటే, వెనక వరసలోంచి మా అమ్మ అందుకుంది.

"మావాడిది గవర్నమెంటు వుద్యోగమేనప్పా. గడ్డి కొలుస్తాడు."

పెద్దమనిషి ఒక్క క్షణం ఆలోచించారు. "గవర్నమెంటోళ్ళు గడ్డి తినేది చూసినాం గానీ, కొలిచేది ఇప్పుడే వింటాండాం!" అన్నారు. ఆ వరస వరసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కాని పాఠకులకు మనవి చేసుకుంటున్నాను. మా అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఈ వారం ఆ గడ్డి సంగతే చెబుతాను.

నేను వుండేది నెవాడా రాష్ట్రం ఈశాన్య మూల, ఎల్కో పట్టణం దగ్గర. అమెరికా అనగానే మనకు ఆకాశాన్నంటే మేడలు గుర్తొస్తాయి. ఇక్కడ ఆకాశం బోలెడు వుంది, మేడలే లేవు. కనుచూపు మేర బూడిద రంగు పొదలు. వీటిని సేజ్‌బ్రష్ అంటారు. వినాయక చవితినాటి పత్రిలో మనం మొదట సమర్పించే మాచిపత్రికి ఇది దాయాది. వుద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆకు నలిపి వాసన చూసి, పాలవెల్లి కింద కూర్చున్నట్టయి, ఆ ఎడారిలో ఒక్కణ్ణీ కాసేపు నిలబడిపోయాను.

వాన మాత్రం అడక్కండి. ఏడాదికి సగటున 22 అంగుళాలు పడితేనే మనం అనంతపురాన్ని కరువు జిల్లా అంటున్నాం. ఎల్కోలో పడేది సుమారు 10 అంగుళాలు. అందులోనూ చాలా భాగం చలికాలంలో మంచుగా పడుతుంది. ఆ మంచు కరిగిన తడితో పొదల నడుమ దుబ్బులు దుబ్బులుగా గడ్డి లేస్తుంది. ఆ గడ్డి మీద ఆవులు, ఆ ఆవుల మీద కుటుంబాలు బతుకుతాయి.

ఇంతకీ ఆ నేల ఎవరిది? నెవాడాలో నూటికి 80 పాళ్ళ భూమి ఫెడరల్ ప్రభుత్వానిదే. దేశం మొత్తం మీద బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజిమెంట్ అనే ఒక్క సంస్థ చేతిలోనే సుమారు 24 కోట్ల 50 లక్షల ఎకరాలున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా అందులో మూడో వంతుకు రావు. వాటిలో 15 కోట్ల 50 లక్షల ఎకరాల్లో పశువుల మేతకు అనుమతి వుంది. మన కరణంగారి భాషలో చెప్పాలంటే, అదొక బ్రహ్మాండమైన మేత పోరంబోకు.

పోరంబోకు అంటే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అందరి సొత్తూ ఎవరి సొత్తూ కాదు. అక్కడా అదే జరిగింది. ముందు వచ్చిన మంద గడ్డి తిన్నది, వెనక వచ్చిన మంద దుమ్ము తిన్నది. "నేను మిగిలిస్తే పక్కవాడి గొర్రెలు మేస్తాయి. నేనెందుకు మిగల్చాలి?" అని ప్రతివాడూ అనుకున్నాడు. ఎవరికి వారే సరిగ్గా ఆలోచించారు, అందరూ కలిసి నేలను బోడి చేశారు. చివరకు కొలరాడో నుంచి ఎన్నికైన ఎడ్వర్డ్ టేలర్ అనే కాంగ్రెసు సభ్యుడు తెచ్చిన మేత చట్టం మీద 1934 జూన్ 28న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. అప్పటినుంచి ఎవరు, ఏ మడిలో, ఎన్ని తలలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా మేపుకోవాలో కాగితం మీదికి ఎక్కింది. ఇప్పుడు ఆ అనుమతులు సాధారణంగా పదేళ్ళకు ఇస్తారు.

ఆ తలలూ ఆ తేదీలూ సరిపోతున్నాయా లేదా అని చూడడమే నా పని.

ఎలా చూస్తానంటారా? నా దగ్గర ఒక ఇనప వలయం వుంటుంది. దాని లోపలి వైశాల్యం 9.6 చదరపు అడుగులు. దాన్ని నేల మీద వేసి, లోపలున్న గడ్డిని కత్తిరించి, ఆరబెట్టి తూస్తాను. ఎన్ని గ్రాములు తూగితే, దానికి పదిరెట్లు పౌన్లు ఒక ఎకరంలో వున్నట్టు. ఆ కొలత పెట్టినవాడెవరో గాని లెక్కల మాస్టారయివుండాలి! 20 గ్రాములు తూగిందనుకోండి, ఎకరానికి 200 పౌన్లు. ఒక ఆవుకూ దాని దూడకూ కలిపి నెలకు సుమారు 800 పౌన్ల ఎండు మేత కావాలి. అయితే నాలుగెకరాలు చాలునా? చాలవు, ఎనిమిది కావాలి. ఎందుకంటే గడ్డిలో సగమే పశువుది. మిగతా సగం గడ్డిదే.

పెళ్ళి భోజనాలయ్యాక మా అమ్మ ఆకూ వక్కా నములుతూ, "నిజంగా అంతేనా, కొలిచేదేనా?" అని అడిగితే ఇదంతా చెప్పాను. గడ్డికి ఆకే వంటిల్లు, వేరు ఆ వండినదాన్ని తిని పెరుగుతుంది అన్నాను. 1955లో ఫ్రాంక్లిన్ క్రైడర్ అనే శాస్త్రజ్ఞుడు అమెరికా వ్యవసాయ శాఖ ద్వారా కొన్ని ప్రయోగాలు ప్రచురించారు. ఆకు సగానికి లోపల కోసినంతకాలం వేళ్ళ ఎదుగుదల ఆగలేదు. సగం దాటిన కొద్దీ ఆగుతూ వచ్చింది. 80 పాళ్ళు కోసేసరికి వేళ్ళన్నీ పెరగడం మానేశాయి. పైన మేసినది కంటికి కనిపిస్తుంది, కింద ఆగిపోయినది కనిపించదు.

అమ్మ నమలడం ఆపింది. "అంటే దూడకు విడిచినట్టేనా?" అన్నది.

మా చిన్నప్పుడు ఇంట్లో ఒక ఆవు వుండేది. ఇంట్లో ఎంత ఇబ్బందిగా వున్నా అమ్మ రెండు చన్నులు పితికి, రెండు దూడకు విడిచేది. చుట్టాలొస్తే మజ్జిగలో నీళ్ళు పోసేది గాని దూడ వాటా జోలికి వెళ్ళేది కాదు. నేను పుస్తకాలు చదివి నేర్చుకున్నది ఆవిడ నాలుగు మాటల్లో చెప్పేసింది.

సంతోషించవలసిన మాటే. కాని నాకు 2012వ సంవత్సరం గుర్తొచ్చి మనస్సు చివుక్కుమన్నది.

ఆ చలికాలం మంచు సరిగా పడలేదు. నేను చూసే మడుల్లో ఒకదాన్లో ఒక ఆసామివి 300 ఆవులు మేస్తున్నాయి. కాగితం ప్రకారం జూన్ నెలాఖరు దాకా వుండవచ్చు. జూన్ మొదటి రోజున వెళ్ళి చూశాను. పశువు నోరు తగలకుండా అక్కడక్కడ తీగ బుట్టలు బోర్లించి పెడతాం. బుట్టలోపలి గడ్డి 20 గ్రాములు తూగింది. బయటిది 10. అంటే సగం అప్పటికే అయిపోయింది. మంద వెంటనే దిగిపోవాలి.

ఆ మాట చెప్పడానికి ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన తాతగారి కాలంనుంచీ అదే ఇల్లు. భార్య కాఫీ ఇచ్చి, కొలిమి దగ్గర్నుంచి వచ్చినట్టు ఎర్రబడిన కళ్ళతో ఒక పక్కన నిలబడింది. ఆయన కేకలు వెయ్యలేదు. వేసివుంటే నాకు తేలికయ్యేది. బాంకి అప్పు కాగితాలు నా ముందు పరిచాడు. ప్రభుత్వ భూమిలో ఆవుకూ దూడకూ కలిపి నెల మేతకు ఆ ఏడు రుసుము 1.35 డాలర్లు. అంటే 300 ఆవులకూ నెలకు 405 డాలర్లు. ఎండు మేత కొని పెట్టాలంటే దానికి ఎన్నో రెట్లవుతుంది. లేదా ఆవుల్ని అమ్ముకోవాలి. కరువులో అందరూ అమ్మేవాళ్ళే.

"మూడు వారాలు" అన్నాడు. "జూన్ 20 నాటికి నా లూసర్న్ మొదటి కోత చేతికొస్తుంది. మూడు వారాలు ఓర్చుకోండి. మీరు కరువు ప్రాంతంనుంచి వచ్చినవారు గదా, మీకు తెలియదా?"

ఆ ఆఖరి మాట నన్ను పడగొట్టింది. మా వూళ్ళో గడ్డి దొరక్క ఎద్దుల్ని సంతకు తోలుకుపోయిన రైతులు కళ్ళముందు కనిపించారు. సంతకం చేసే అధికారిని నేను కాదు. కాని నేను రాసినదాన్ని బట్టే ఆ సంతకం పడుతుంది. జూన్ 20 దాకా వుండనివ్వవచ్చునని రాశాను. ఆ రాత్రి, ఒక మంచి పని చేశానన్న తృప్తితో హాయిగా నిద్రపోయాను.

జూన్ 20న మళ్ళీ వలయం వేశాను. బయటి గడ్డి 4 గ్రాములు తూగింది. 20లో 16 పోయాయి. నూటికి 80 పాళ్ళు. క్రైడర్‌గారి లెక్క గుర్తొచ్చి తరాజు వంక మరోసారి చూశాను. నాలుగే.

మరుసటి వసంతమూ పొడిగానే వచ్చింది. ఆ మడిలో చాలా దుబ్బులు లేవలేదు. ఖాళీ అయిన చోటల్లా చీట్‌గ్రాస్ లేచింది. ఇది పరాయి ఖండంనుంచి వచ్చిన కలుపు, పేరులోనే మోసం వుంది. అందరికంటె ముందు పచ్చగా లేస్తుంది. ఎండ ముదరకముందే ఎండి, ఉల్లిపొరలాగా అంటుకోవడానికి సిద్ధంగా వుంటుంది. ఆగస్టులో ఒక పిడుగు పడింది. నిప్పు ఆ మడిలో సాఫీగా పరుగెత్తింది.

పిడుగు నా వల్ల పడిందని అనను. కరువూ నేను తెచ్చినది కాదు. కాని కంచెకు అవతలి మడి కూడా ఆ మంటలోనే కాలింది. ఆ మడి ఆసామిని కూడా 2012 జూన్ మొదటి వారంలో దిగిపొమ్మన్నాం. ఆయన నన్ను నానా మాటలూ అని మందను దింపేశాడు. మరుసటి ఏడు వసంతంలో చూస్తే, అక్కడ నల్లటి మోళ్ళలోంచి పచ్చగా పిలకలు వచ్చాయి. ఇవతల మోళ్ళు మోళ్ళుగానే వున్నాయి. మధ్య కంచె వుంది, అంతే తేడా.

కాలిన నేలకు కనీసం రెండు ఎదుగుదల రుతువులు విశ్రాంతి ఇవ్వడం రివాజు. కనక 2014లోనూ, 2015లోనూ ఆ మడి మూసేశారు. మూడు వారాలు అడిగిన మనిషి రెండేళ్ళు పోగొట్టుకున్నాడు. ఆవుల్లో సగం అమ్మేశాడు. నాతో ఒక్క మాట కూడా అనలేదు. మూసివేత కాగితం నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. ఈసారి కాఫీ అడిగే ధైర్యం నాకూ లేదు, ఇచ్చే వోపిక ఆ ఇల్లాలికీ లేదు.

ఆనాడు నేను దయ చూపానని అనుకున్నాను. ఆలోచించి చూస్తే, నా సొమ్ము ఒక్క పైసా ఇవ్వలేదు. దూడ వాటా పితికి దానం చేశాను.

2021లో మళ్ళీ కరువొచ్చింది. మే నెలలో ఒక పొద్దున ఫోను మోగింది. ఆయనే. "తరాజు పట్టుకుని రండి" అన్నాడు. వెళ్ళాను. వలయం ఆయనే వేశాడు, కత్తెర ఆయనే పట్టాడు. కోసిన గుప్పెడు గడ్డిని తరాజులో పెట్టకముందే అరచేతిలో ఎత్తి చూసి, "సగమయింది" అన్నాడు. తూకం కూడా అదే చెప్పింది. ఆ వారంలోనే మంద దిగిపోయింది. నేను ఒక్క కాగితం రాయలేదు.

ఆ మడి ఈనాటికీ పూర్తిగా కోలుకోలేదు. కొన్ని చోట్ల చీట్‌గ్రాసే రాజ్యం చేస్తోంది. ఏటా ఒకే చోట నిలబడి, ఒకే దిక్కుకు తిరిగి ఫొటో తీస్తాం. ఆ ఫొటోలు వరసగా పేర్చి చూస్తే, దుబ్బులు ఒకటొకటిగా తిరిగి వస్తున్నాయి. నా వుద్యోగకాలంలో పూర్తవుతుందన్న ఆశ లేదు.

ఈ కథంతా ఆ రాత్రి పెళ్ళివారి అరుగు మీద అమ్మకు చెప్పాను. చాలాసేపు వూరుకుని, అన్నది:

"మన దొడ్లో అయితే దూడ అరుస్తాది. ఆ అరుపుకే చెయ్యి ఆగుతాది. గడ్డి అరవదు గదా నాయనా. అందుకే కొలిచేవాడు వుండాల."

వుద్యోగానికి తెలుగు మాట వెతకడం ఆ రాత్రితో మానేశాను. ఇప్పుడెవరైనా అడిగితే నీళ్ళు నమలడం లేదు.

గడ్డి కొలుస్తానండీ.