ట్రైకోకార్డుకు సంఖ్యతో పాటు తేదీ కూడా అవసరం

చెఱకు పీక పురుగు నివారణకు ట్రైకోగ్రామా గుడ్డు పరాన్నజీవిని విడుదల చేయాలన్న సిఫారసు విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితమే. ఒక ఘన సెంటీమీటరు కోర్సిరా గుడ్లలో సుమారు 18,000 నుండి 20,000 వరకు ఉంటాయన్న లెక్కపై కార్డుల తయారీ, పంపిణీ సాగుతున్నాయి. అయితే గుడ్ల సంఖ్యకు ఇచ్చిన ప్రాధాన్యం వాటి వయస్సుకు దక్కడం లేదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతపు చెఱకు రైతుకు ఇది చిన్న లోపం కాదు.

తల్లి పురుగు గుడ్డు పెట్టిన తొలి 24 గంటలలో అందులోని పచ్చసొన ద్రవరూపంలో ఉండి పరాన్నజీవి పిల్లకు సులభంగా ఆహారమవుతుంది. పిండం ఎదిగి కణజాలం, తల తొడుగు ఏర్పడిన కొద్దీ ఆ ఆహారం జీర్ణానికి లొంగదు. ఫలితంగా పరాన్నీకరణ శాతం, వెలువడే పిల్లల సంఖ్య, వాటి పరిమాణం తగ్గుతాయి. ట్రైకోగ్రామాలో ఫలదీకరణ చెందిన గుడ్ల నుండి ఆడవి, చెందని వాటి నుండి మగవి పుడతాయి. ఆతిథేయి గుడ్డు నాసిరకమైనప్పుడు తల్లి కందిరీగ మగ సంతానం వైపు మొగ్గు చూపవచ్చు. పొలంలో పురుగు గుడ్లను నాశనం చేసేవి ఆడ కందిరీగలే. కనుక నల్లబడిన గుడ్లు లెక్కకు నిండుగా కనిపించిన కార్డు కూడా పొలంలో విఫలం కావచ్చు.

అతినీలలోహిత కిరణాలతో కోర్సిరా పిండాన్ని చంపుతున్నందున వయస్సు సమస్య ఉండదన్న వాదన ఉంది. ఈ ప్రక్రియ కోర్సిరా పిల్లలు పొదిగి కార్డును తినివేయకుండా కాపాడుతుంది గానీ, గుడ్డు ఎండిపోవడాన్ని ఆపదు. ఉత్పత్తి కేంద్రాలలో గుడ్లను శీతలీకరించి నిల్వ చేయడం అనివార్యమే. అందుకే నిల్వ కాలాన్ని దాచకుండా తెలపడం అవసరం.

పొలంలోని గుడ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పీక పురుగు గుడ్లు 4 నుండి 6 రోజులలో పొదుగుతాయి. పరాన్నజీవికి అనువైన గడువు అంతకన్నా తక్కువ. క్యాలెండరు చూసి కాక, లింగాకర్షక బుట్టలలో రెక్కల పురుగులు కనిపించగానే విడుదల ప్రారంభించడం మేలు. ఈ పురుగు ఉధృతి వేసవిలోనే అధికం గనుక కార్డులను సాయంత్రం వేళ ఆకుల అడుగున కట్టాలి.

వయస్సు ఒక్కటే సర్వస్వమని భావించడమూ సరికాదు. 1972లో పటాన్‌చెరులో నెలకొన్న ఇక్రిశాట్‌లో శనగపచ్చ పురుగుపై జరిగిన అధ్యయనాలలో జొన్నపై గుడ్ల పరాన్నీకరణ అధికంగానూ, కందిపై స్వల్పంగానూ కనిపించింది. కంది కాయలు, పూల భాగాలపై ఉండే నూగు, దాని జిగురు స్రావాలు కందిరీగను అడ్డుకుంటాయి. అక్కడ గుడ్డు ఎంత తాజాదైనా ఫలితం పరిమితమే. అందువలన చెఱకు సిఫారసును యథాతథంగా కందికి అన్వయించరాదు.

ప్రతి కార్డుపై గుడ్లు సేకరించిన తేదీ, పరాన్నీకరణ తేదీ, కందిరీగలు వెలువడే తేదీ ముద్రించాలి. నమూనా కార్డుల నుండి వెలువడిన శాతాన్ని, ఆడ మగ నిష్పత్తిని కేంద్రాలు నమోదు చేయాలి. 1, 2, 3 రోజుల వయస్సు గల గుడ్లపై స్థానిక ఉష్ణోగ్రతలలో పోల్చి చూడడం స్నాతకోత్తర విద్యార్థులకు తక్కువ ఖర్చుతో సాధ్యమయ్యే పరిశోధన.

విఫలమైన కార్డును చూసిన రైతు తప్పు గుడ్డు వయస్సుదని అనుకోడు. జీవ నియంత్రణే పనికిరాదని తీర్మానించి పురుగుమందు వైపు మళ్ళుతాడు. పారిశ్రామిక వ్యర్థాలతో నక్కవాగు ఇప్పటికే కలుషితమైన ఈ ప్రాంతంలో నేలపై, నీటిపై మరో రసాయన భారం మోపడం తగదు. కార్డుపై ఒక తేదీ ముద్రించడానికి అయ్యే ఖర్చు దానితో పోలిస్తే అత్యల్పం.