పాతబడలేదు, పక్కన పెట్టారు

మాదాపూర్ ఆఫీసుల్లో ఈమధ్య ఒక మాట మరీ తేలిగ్గా అనేస్తున్నారు: "విండోస్ 10 పనైపోయింది, దానికిక సాఫ్ట్‌వేర్ రాదు, పారేసి కొత్త సిస్టం కొనండి." వాడేవాళ్లు తగ్గారు కాబట్టి రాసేవాళ్లు మానేశారట. శుద్ధ అబద్ధం. ముందు తలుపులు మూసింది రాసేవాళ్లే. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేనాటికి కోట్లాది కంప్యూటర్లు విండోస్ 10 మీదే నడుస్తున్నాయి. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరే ఉండాలి. 2016లో కొన్న యంత్రం నిక్షేపంగా పనిచేస్తున్నా దానికి అర్హత లేదు. విండోస్ 7నీ ఇలాగే సాగనంపారు. 2023 ఫిబ్రవరిలో క్రోమ్ దాన్ని వదిలేసింది. మోజిల్లా మాత్రం విండోస్ 7లో నడిచే ఫైర్‌ఫాక్స్ 115కు ఆ తర్వాత కూడా రెండేళ్లకు పైగా ప్యాచ్‌లు ఇచ్చింది. కుదరదన్న మాట ఎంత నిజమో దీన్నిబట్టే తెలుస్తుంది.

భద్రత మాటేమిటంటారు. ప్యాచ్ లేని యంత్రం ప్రమాదమే, కాదనను. కానీ విండోస్ 10 ప్యాచ్‌లు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. సంస్థలకు యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆపైన ఏటా రెట్టింపు. డబ్బిస్తే దొరికేదాన్ని అసాధ్యమని ఎలా అంటారు? ఇక తన సిస్టంలో చివరిసారి పనిచేసిన వెర్షన్ కంపెనీ సైట్‌లో కనబడనప్పుడు మనిషి ఊరూపేరూ లేని సైట్లలో వెతుక్కుంటాడు. వైరస్ అంటుకునేది అక్కడే. లినక్స్ వేసుకోమనే సలహా బ్రౌజరు, ఈమెయిలు చాలనుకునేవారికి పనికొస్తుంది. డీటీపీ సెంటర్‌కు పనికిరాదు.

ఆ డీటీపీవాళ్ల మీద వేసే నింద మరీ అన్యాయం. మారరట, మొండివాళ్లట! వాళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత 8 రాలేదు. పెళ్లి కార్డుల నుంచి పుస్తకాల దాకా తెలుగు అచ్చుపనిలో ఎంతో భాగం దాని మీదే, అను ఫాంట్లతోనే సాగింది. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు, అందుకే ఆ ఫైళ్లలోని మ్యాటర్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో గజిబిజిగా కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగును సరిగ్గా కూర్చే వీలు మాత్రం 2012లో, సీఎస్6తో గానీ రాలేదు. పాత దారి 2001లో మూసి, కొత్త దారి పదకొండేళ్లకు తెరిస్తే ఆపరేటర్ పాతదాన్ని పట్టుకుని ఉండక ఏం చేస్తాడు? ఆ పదకొండేళ్లలో పేరుకున్న ఫైళ్లను ఎవరు మారుస్తారు, ఎవరి ఖర్చుతో?

సైబర్ టవర్స్ తెరిచిన 1998లోనే మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ కూడా హైదరాబాద్‌కు వచ్చింది. ప్రపంచం వాడే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఇక్కడే ఉన్నారు. మీకే నా విన్నపం: కొత్త వెర్షన్‌కు సిస్టం రిక్వైర్‌మెంట్లు రాసే మీటింగ్‌లో పాతదాన్ని ఎందుకు తీసేస్తున్నారో కారణం అడగండి. తీసేయక తప్పకపోతే, ఆ సిస్టంలో పనిచేసిన చివరి ఇన్‌స్టాలర్‌నైనా డౌన్‌లోడ్ పేజీలో ఉంచండి.