ఐసీయూలో మీవాళ్లు పొంతన లేకుండా మాట్లాడుతున్నారా? ఆ సంగతి డాక్టరుకు చెప్పాల్సింది మీరే

"మా నాన్న నన్ను గుర్తుపట్టలేదు. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటున్నాడు." విజయవాడ గవర్నర్‌పేట, సూర్యారావుపేట ఆస్పత్రుల బయట విజిటింగ్ టైమ్ ముగిశాక వినిపించే మాటే ఇది. కొందరు మతిపోయిందని భయపడతారు, కొందరు బంధువులకు తెలియకుండా దాస్తారు.

వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, మత్తుమందులు, నిద్రలేమి వంటివన్నీ కలిసి మెదడును దెబ్బతీస్తే వస్తుంది. మతిమరుపు వ్యాధిలా ఏళ్ల తరబడి ముదరదు, గంటల్లో మొదలవుతుంది. పొద్దున బాగానే ఉన్న మనిషి సాయంత్రానికి మారిపోవచ్చు. అందుకే ఉదయం రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుకు కనబడనిది సాయంత్రం వెళ్లిన మీకు కనబడుతుంది.

అరిచి, గొట్టాలు పీకేసే వాళ్లను అందరూ గమనిస్తారు. అసలు చిక్కు ఉలుకూ పలుకూ లేకుండా పడుకునే వాళ్లతోనే. ఈ రకమే ఎక్కువ. విశ్రాంతి తీసుకుంటున్నారులే అనుకుని మనం వచ్చేస్తాం.

కోలుకోవడంపై దీని ప్రభావం చిన్నది కాదు. అమెరికాలో వెంటిలేటర్‌పై ఉన్న 224 మందిని పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. డెలీరియం వచ్చినవారిలో 34 శాతం మంది ఆరు నెలల్లో చనిపోయారు, రానివారిలో 15 శాతం. 2013లో వచ్చిన మరో అధ్యయనంలో 821 మంది ఉన్నారు. ఏడాది తర్వాత కూడా వారిలో మూడో వంతు మంది ఆలోచనాశక్తి, తలకు ఓ మోస్తరు గాయమైనవారి స్థాయిలోనే ఉంది. డెలీరియం ఎన్ని ఎక్కువ రోజులుంటే ఫలితం అంత అధ్వానం.

మరి మందు? హాలోపెరిడాల్ ఇచ్చినా డెలీరియం రోజులు తగ్గలేదని 2018లో తేలింది. మత్తు తగ్గించి, రోగిని త్వరగా లేపి కూర్చోబెట్టి వ్యాయామం చేయిస్తే నాలుగు రోజులది రెండు రోజులకు తగ్గినట్టు 2009లో 104 మందిపై చేసిన పరిశోధన చూపింది. బంధువులను ఎక్కువసేపు ఉండనిస్తే చాలనుకోవద్దు. బ్రెజిల్‌లో అలా చేసి చూస్తే డెలీరియం పెద్దగా తగ్గలేదు, ఇంట్లోవాళ్ల ఆందోళన మాత్రం తగ్గింది.

మీ చేతిలో ఉన్నవి చిన్న పనులే. కళ్లజోడు, వినికిడి మిషన్ ఇంట్లో వదిలేయకండి. ఇది ఏ ఆస్పత్రో, ఇవాళ ఏ వారమో వెళ్లినప్పుడల్లా చెప్పండి. అన్నిటికంటే ముందు, రోజూ మందు తాగే అలవాటుంటే డాక్టరు దగ్గర దాచకండి. పరువు కోసం దాచే సంగతి ఇదే. తాగుడు హఠాత్తుగా ఆగినా రెండు మూడు రోజుల్లో డెలీరియం రావచ్చు, అది ప్రాణం మీదకు తెస్తుంది. దాని చికిత్స వేరు.

డెలీరియం పరీక్ష చేస్తున్నారా అని నర్సును అడగండి. అక్షరాలు చదువుతూ, ఫలానా అక్షరం వినబడినప్పుడల్లా చేయి నొక్కమంటారు. వెంటిలేటర్ మీద మాట్లాడలేని వాళ్లకూ చేయొచ్చు, కొన్ని నిమిషాల పని. డిశ్చార్జ్ సమ్మరీలో డెలీరియం ఎన్ని రోజులుందో రాయమనండి. ఇంటికొచ్చాక మాత్రలు తారుమారు చేస్తున్నా, డబ్బు లెక్క తప్పుతున్నా ఆ కాగితంతోనే మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లండి.