పసిబిడ్డల ఊపిరికీ ప్రాంతాల తేడాలా?

2019లో ప్రపంచంలో అయిదేళ్లలోపు పిల్లలు 7 లక్షల 40 వేల మంది న్యుమోనియాతో చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ వయసు పిల్లల చావుల్లో ఇది నూటికి 14. ధనిక దేశాల్లోనూ పిల్లలకు దగ్గులొస్తాయి, జ్వరాలొస్తాయి. కానీ ఎక్కువ చావులు ఆఫ్రికాలోనూ దక్షిణాసియాలోనూ.

మన దేశంలోనూ అంతే. 2020లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండా పోయినవారు కేరళలో 6గురు, మధ్యప్రదేశ్‌లో 43 మంది. ఇది అన్ని కారణాలూ కలిపిన లెక్కే అయినా, అందులో న్యుమోనియాది పెద్ద వాటా. గాలి, నీరు మారినందువల్ల వచ్చిన తేడానా ఇది? కాదు. పొయ్యి, తిండి, టీకా, వైద్యం వీటి తేడా.

మొదట పొయ్యి. ఇంట్లో పొగ ఉంటే బిడ్డకు న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపు. 2019–21 జాతీయ సర్వేలో గ్యాసు వంటి పొగలేని ఇంధనంతో వండుకునేవారు తెలంగాణలో నూటికి 92, ఆంధ్రలో 84, జార్ఖండ్‌లో 32. మనం నయం గదా అనుకోవద్దు. సర్వే అడిగింది ముఖ్యంగా దేనిమీద వండుతారని మాత్రమే. సిలిండరు అయిపోయి చేతిలో డబ్బు లేనిరోజున మండేది పత్తికట్టే, పిడకే. మిరప కోతలకు వలసొచ్చినవాళ్ల గుడారాల్లో మూడురాళ్ల పొయ్యి పక్కనే పసిబిడ్డ పడుకుంటుంది.

రెండోది తిండి. ఆరు నెలలు తల్లిపాలే పట్టాలంటారు. నాట్లకు పోకపోతే పూటగడవని తల్లి ఎలా పట్టాలి? 2013 ఆహార భద్రతా చట్టం బాలింతకు 6 వేలకు తగ్గకుండా ఇవ్వాలన్నది. 2017లో కేంద్రం తెచ్చిన పథకం 5 వేలిచ్చింది, అదీ తొలి కాన్పుకే. బరువు తక్కువ బిడ్డనే ఈ జబ్బు ముందు పట్టుకుంటుంది.

మూడోది టీకా. న్యుమోకాకల్ టీకా 2017లో కొద్ది రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల వెయ్యాలి. సర్కారు దవాఖానాలో ఉచితం. వలసపోయిన కుటుంబాల పిల్లలకు మధ్యలో మోతాదు తప్పుతుంది.

ఇక వైద్యం. ప్రాణహితకు ఆవలి ఒడ్డున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో 1980ల చివర డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ ఊరి ఆరోగ్య కార్యకర్తలకూ, మంత్రసానులకూ కూడా న్యుమోనియాను గుర్తించి మందివ్వడం నేర్పారు. ఆ ఊళ్లలో న్యుమోనియా చావులు పక్క ఊళ్లకన్నా సగానికి మించి తగ్గాయి. పెద్ద ఆసుపత్రి లేకుండానే!

కార్యకర్తలు ప్రతి తల్లికీ ఇది చెప్పాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40, అంతకు మించినా ఆలస్యం చెయ్యొద్దు, దవాఖానాకు తీసుకుపోవాలి. డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పాలు తాగకపోయినా పెద్దాసుపత్రికే. వాతలు పెట్టించొద్దు.

మనం అడగాల్సినవీ ఉన్నాయి. ఆశా కార్యకర్త చేతిలో మందు ఎప్పుడూ ఉండాలి. వలస గుడారాల దగ్గరకే టీకాల బృందం రావాలి. చట్టం చెప్పిన డబ్బు ప్రతి బాలింతకూ అందాలి. కూలి ఇల్లు సిలిండరు నింపుకోగల ధర ఉండాలి. చలికాలం రాకముందే మండల ఆఫీసుల్లో ఈ కోర్కెల పత్రం ఇద్దాం.