ఆపిల్ బదులు అనాస

మన బడిలో వంటపాఠం పెట్టినప్పుడల్లా కొందరు తల్లిదండ్రులు అడుగుతూనే ఉన్నారు: "తెలుగు బడిలో క్రంబుల్ ఎందుకండీ, అరిసెలు నేర్పరాదా?" పాకం పట్టడం ఎనిమిదేళ్ల పిల్లల పని కాదు. పిండిలో వెన్న నలపడం మాత్రం వాళ్లకు చేతనవుతుంది.

మా పట్టుదల ఒక్కటే, పండు ఇక్కడిదై ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంనాటి రేషన్ రోజుల్లో బ్రిటన్‌లో క్రంబుల్ ఇంటింటికీ చేరింది. పిండి, కొవ్వు తక్కువ పడతాయి కనుక వాళ్లు చేతికందిన పండుతో చేసుకున్నారు. మరి మనకు దిగుమతి ఆపిల్ ఎందుకు? జొహోర్ పీట్ నేలల్లో అనాస పండుతోంది కదా! మలయ్‌లో ననస్, మనకు అనాస. దక్షిణ అమెరికా నుంచి పోర్చుగీసువారి వెంట వచ్చిన ఒకే మాట. ఈ సంగతి బోర్డు మీద రాసి చెబితే సగంమంది విన్నారు, ముక్క కోసి చేతిలో పెట్టి చెబితే అందరూ విన్నారు.

అనాసలో నీరెక్కువ. పచ్చి ముక్కలు వేసిన మొదటిసారి పైపొర నాని జావైంది. కాస్త గులా మెలాకా వేసి, తడి ఇగిరేదాకా మగ్గించాలి. ఇక్కడి ఉక్కకు వెన్న ఇట్టే కరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీయగానే పిండిలో పొడిపొడిగా నలిపి, గుప్పెడు కొబ్బరికోరు కలిపి, 180 డిగ్రీల వద్ద పైన ఎర్రబడేదాకా ఉంచాలి.

"క్రంచీ" అనే పిల్లలు ఆ రోజు "కరకర" అన్నారు. నలపడం, ఇగరడం, మగ్గడం మన ఇళ్లలోనే అరుదవుతున్న మాటలు. పరీక్షకు రావు కనుక అక్కర్లేదనే పెద్దలతో మేము ఏకీభవించం. నెలకొక గంట వంటకు కేటాయించాలని కోరుతున్నాం. ఓవెన్ ఇవ్వగలవారు ముందుకు రావాలి.